వనపర్తి రాజమహల్లో లంకెబిందెలు

పాత కట్టడం కనిపిస్తే చాలు, మనవాళ్ల కళ్లు నేల వైపు తిరుగుతాయి. కింద ఏముందో! కోట అయితే సొరంగం ఉండి తీరాలి, ఆ సొరంగం పోయి పోయి శ్రీశైలంలోనో మరో కోటలోనో తేలాలి. గుడి అయితే నంది కింద లంకెబిందెలు ఉండాలి. మా నల్లమల అంచు ఊళ్లలో ఈ పిచ్చి మరీ ఎక్కువ. అమావాస్య తెల్లారి చూస్తే ఊరవతల పాత గుడి దగ్గర కొత్త గొయ్యి, దాని పక్కన కోసిన నిమ్మకాయలు, చల్లిన కుంకుమ, పక్కకు దొర్లిన నంది. తవ్వినవాళ్లకు ఏం దొరికిందో ఎవరూ చెప్పరు. ఊరికి మాత్రం తల పగిలిన నంది మిగులుతుంది.

బల్మూర్‌లో పుట్టినవాడికి మహళ్లు చూసే యోగం తక్కువ. మాకున్నది అడవి, గుట్టలు, చెంచుపెంటలు, వేరుశనగ చేలు. మహల్ అనేదాన్ని నేను మొట్టమొదట లోపలికి వెళ్లి చూసింది చదువుకోవడానికే. అచ్చంపేటలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్లో ఇంకో బస్సు మారి, బిజినేపల్లి మీదుగా వనపర్తిలో దిగితే, ఊరు నడిబొడ్డున రాజావారి మహల్. అందులో పాలిటెక్నిక్. ముస్తఫా మహల్ అని కూడా దాన్ని పిలిచేవారు. సీటు వచ్చిందని చెబితే మా తాత నవ్వాడు.

“రాజుగారింట్ల సదువనీకె పోతున్నవా? పొయ్యి సూసిరా పిలగా. గా గోడ కట్టనీకె పోయినోళ్ల మనుమలకు గూడ లోపల కూసోనీకె జాగ ఇస్తుండ్రా లేదా అని.”

అప్పుడు అది వేళాకోళం అనుకున్నాను. డిప్లొమాలో నాది సివిల్ కావడంతో ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ గోడలతో నా మొదటి పరిచయం ఒక మేకు దగ్గర. క్యాలెండర్ తగిలిద్దామని మేకు కొడితే మేకు వంగింది. ఇంకోటి కొట్టాం, అదీ వంగింది. చివరికి నిమ్మకాయంత పెచ్చు ఊడి చేతిలో పడింది. సిమెంటు పెచ్చులా బూడిదరంగులో లేదు. పాలమీగడ రంగు. అక్కడక్కడ ఇటుక పొడి ఎర్రగా, మధ్యలో ఆవగింజంత తెల్లటి పలుకులు. గోటితో గీకితే గీత పడలేదు. మా సారు దాన్ని తీసుకుని వెలుగులో తిప్పి చూసి, “ఇది గానుగ సున్నం. నీకంటే, నాకంటే గట్టిది” అన్నారు.

గానుగ సున్నం సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే కథలా వింటారు. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. నీళ్లు చల్లితే బుసబుసమని పొంగి పొడి అవుతుంది. దాన్ని గుంతలో నీళ్లు పెట్టి రోజుల తరబడి మగ్గబెట్టాలి. తర్వాత గుండ్రంగా తవ్విన రాతి కాలువలో ఇసుకతో కలిపి పోసి, ఎద్దును కట్టి బరువైన రాతి చక్రాన్ని దాని మీద తిప్పాలి. ఎద్దు వెనక ఒక మనిషి, కాలువ అంచున పారతో ఎగదోసే ఇంకో మనిషి, నీళ్లు మోసే ఆడవాళ్లు. వెన్నలా నలిగేదాకా తిప్పుతూనే ఉండాలి. పూత పనికైతే కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. అలా పెట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును ఏళ్ల తరబడి పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మనిషి రాయిని కాల్చి పొడి చేస్తే, గోడలో చేరాక అది తీరిగ్గా మళ్లీ రాయి అవుతుంది. మా మేకు వంగింది అందుకే.

కరక్కాయ అడవి సరుకు. మా నల్లమలలో చెంచులు తేనె, కుంకుళ్లతో పాటు ఏరి తెచ్చి ఉప్పుకూ బట్టకూ మార్చుకునేది. పట్నంలో మహల్ గోడ నునుపు తేలిందంటే ఎక్కడో ఒక అడవిలో ఎవరో వంగి కాయలు ఏరారన్నమాట. సివిల్ ఇంజనీరింగ్ పుస్తకంలో ఎస్టిమేషన్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. ఇన్ని ఇటుకలు, ఇంత ఇసుక, ఇంత సున్నం, మేస్త్రి ఇందరు, మగ కూలీలు ఇందరు, ఆడ కూలీలు ఇందరు అని లెక్క కడతాం. మహల్లో కూర్చుని ఆ లెక్క నేర్చుకోవడం వల్ల నాకొక చెడ్డ అలవాటు అంటుకుంది. ఏ రాజుగారి కట్టడం చూసినా, ఎవరు కట్టించారన్న దగ్గర ఆగలేను. రాళ్లు కొట్టిన వడ్డెరలు ఎందరు? గంపలు మోసినవాళ్లకు కూలి ముట్టిందా, వెట్టిలో పోయిందా?

ఇలా అడగడం నేర్పిన పెద్దమనిషికీ వనపర్తికీ సంబంధం ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో 1896లో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు. అది అందరికీ తెలిసిన కథ. నాకు అంతకంటే పెద్దదిగా తోచేది 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఏ రాజు ఎవరిని గెలిచాడన్నది పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టి కుంగిపోయారు అని కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి ఏరి కూర్చిన పుస్తకం. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది, ఆయన పోయిన రెండేళ్లకు. ఆ ప్రతాపరెడ్డిగారిని 1952 ఎన్నికల్లో హైదరాబాదు శాసనసభకు పంపింది వనపర్తే. రాజుల చరిత్రకు బదులు జనం చరిత్ర రాసిన మనిషికి రాజుల ఊరు ఓటు వేసింది. మా ప్రాంతం గురించి నేను గొప్పగా చెప్పుకునే రెండు మూడు విషయాల్లో ఇదొకటి.

కాబట్టి ఆ మహల్‌ను ఆయన చూసినట్టు చూడాలని నా ప్రయత్నం. రాజుల వైపు కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. 1510 ప్రాంతంలో వీరకృష్ణారెడ్డి మూలపురుషుడు. మొదట సుగూరు, తర్వాత శ్రీరంగాపురం వంటి ఊళ్లు రాజధానులు, చివరికి వనపర్తి. నిజాం కింద కప్పం కట్టుకుంటూ ఉన్న సంస్థానాల్లో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట, ఈ అయిదూ పాలమూరు గడ్డ మీదివే. ఆస్థానాల్లో పండితులు, వార్షికాలు, శాలువలు. తిరుపతి వేంకట కవులు సైతం గద్వాల, ఆత్మకూరు (అమరచింత), వనపర్తి సంస్థానాల గడపలు తొక్కినవాళ్లే. అయితే ఆ కవులకు చాలా ముందు, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి ఈ సీమలోంచే వెళ్లారు. ఆయన యాత్రాచరిత్రలో కనిపించే జమీందార్లు శాలువలు కప్పేవాళ్లలా ఉండరు. ఒకరి మీద ఒకరు కత్తి కట్టి, మధ్యలో ఊళ్లను నలిపేసేవాళ్లు. పండితుడికి శాలువ ఎంత నిజమో, రైతుకు కొల్ల అంత నిజం.

ఇక ఆ మహల్ దాచుకున్న కథల్లో నాకు అన్నిటికంటే విచిత్రమైనది వనపర్తిలో కనిపించదు. హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు పక్కన కనిపిస్తుంది.

హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే బస్తీ అందరికీ తెలుసు. ఆసుపత్రులకో ఆఫీసులకో పోతూ రోజూ వేలమంది ఆ పేరు పలుకుతారు. ఏసీ అంటే చల్లటి గాలి అనుకునేవాళ్లూ ఉన్నారు! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఆఫ్రికా గుర్రపు దళం అన్నమాట. 19వ శతాబ్దంలో వనపర్తి రాజు మొదటి రామేశ్వరరావు తన కొలువులో ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఒక దళాన్ని పెట్టుకున్నారు. ఆయన 1866లో పోయారు. ఆ తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. నిజాం వెంట నడిచే అంగరక్షకులయ్యారు. వాళ్లకు ఇళ్లిచ్చిన చోటే ఏసీ గార్డ్స్. 1948లో పోలీసు చర్య జరిగింది, సంస్థానం పోయింది, నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మనుషులు మిగిలారు. వాళ్ల పిల్లలూ మనుమలూ హైదరాబాదీలే. ఉర్దూ మాట్లాడతారు, పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తారు. ఇవాళ తెలంగాణలో ఊరేగింపు అంటే మర్ఫా దరువు లేకుండా కదలదు. ఆ దరువులో అరబ్బుల చెయ్యి ఎంతుందో సిద్దీల చెయ్యీ అంతుంది.

కొంచెం ఆగి ఆలోచించండి. తూర్పు ఆఫ్రికా తీరంలో పుట్టినవాళ్లు ఓడలెక్కి, కొందరు బానిసలుగా, కొందరు కూలికి సిపాయిలుగా సముద్రం దాటి, దక్కనులోకి వచ్చి, వనపర్తి కందిచేల మధ్య గుర్రాలు తోలారు. ఎండాకాలం వాళ్లు కూడా మన అంబలి తాగే ఉంటారు. మన జొన్నరొట్టె తిని, మా పాలమూరు మాటల్లో నాలుగైదు తిట్లయినా నేర్చుకునే ఉంటారు. వనపర్తిలో రాజుల వంశవృక్షం చెప్పేవాళ్లు దొరుకుతారు. ఈ మనుషుల కథ చెప్పేవాళ్లు నాకు తగల్లేదు.

ఇందులో ఇంకో మలుపు ఉంది. అదే వంశంలో చివరి రాజు, మూడో రామేశ్వరరావు, స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరారు. 1950లలో భారత ప్రతినిధిగా ఆఫ్రికా వెళ్లారు, ఇప్పుడు ఘనా అని పిలిచే అప్పటి గోల్డ్‌కోస్టుకు. ముత్తాతల కాలంలో ఆఫ్రికా మనుషులు వాళ్లింటి వాకిట కాపలా ఉన్నారు. మునిమనుమడి కాలానికి ఆయనే ఆఫ్రికా వాకిట్లో దేశం తరఫున నిలబడ్డారు. కథలు రాసేవాడెవడైనా ఇలా రాస్తే, మరీ అతికినట్టుందని సంపాదకుడు తిప్పి పంపేవాడు.

1949లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. ఒక్క సంతకంతో సంస్థానాలూ జాగీర్లూ ప్రభుత్వంలో కలిశాయి. రాజరికం పోయాక మహల్‌తో ఏం చెయ్యాలి అన్నది అప్పటి రాజులందరికీ ఎదురైన ప్రశ్న. కొందరు తాళం వేసుకున్నారు. కొందరు గది తర్వాత గది అమ్ముకున్నారు. కొన్నాళ్లకు హోటళ్లవాళ్లు వచ్చారు. వనపర్తిలో మాత్రం 1959లో మహల్ పాలిటెక్నిక్ అయింది. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. కాలేజీ పేరులో మూడో రామేశ్వరరావు తండ్రి కృష్ణదేవరావు పేరు నిలిచింది. ఆ రామేశ్వరరావుగారు 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు, తర్వాత ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. మన బడి సంచుల్లో ఉన్న ఇంగ్లిషు వాచకాలు కొన్ని అక్కడివే. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాల పెట్టారు.

అదే 1959లో వనపర్తికి దగ్గర్లో ఇంకో పని పూర్తయింది. రాజావారు తల్లి సరళాదేవి పేరున 1949లో మొదలుపెట్టించిన సరళాసాగర్. దీనికి గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు నిండు మట్టానికి చేరగానే సైఫన్ల గొట్టాల్లోని గాలి నెట్టుకుపోయి, నీళ్లు వాటంతట అవే ఎగబాకి అవతల దూకుతాయి. మట్టం దిగగానే గాలి దూరి ప్రవాహం తెగుతుంది. అలుగు పారే రోజున జనం టిఫిన్లు కట్టుకుని చూడడానికి వస్తారు. మాలాంటి సివిల్ పిల్లలకు అది పుణ్యక్షేత్రం. 2019 డిసెంబరు 31న మట్టికట్టకు గండి పడి చెరువు ఖాళీ అయింది. ఎంత తెలివైన సైఫన్ పెట్టినా మట్టికట్టను ఏటా చూసుకోవాల్సింది మనుషులే కదా.

మళ్లీ మహల్ దగ్గరికి. పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది వర్క్‌షాపు తప్పనిసరి. వడ్రంగం, ఫిట్టింగు, కమ్మరం. ఇనుప ముక్కను వైసులో బిగించి, ఆకురాయితో రాకి, మూలమట్టం ఆనించి వెలుగుకు ఎదురుగా పెట్టి చూడాలి. మూలమట్టానికీ ముక్కకూ మధ్య వెలుగు సందు కనిపిస్తే మళ్లీ రాకాలి. సాయంత్రానికి అరచేతులు బొబ్బలు. నా పక్కన రాకుతున్న కుర్రాడు కొత్తకోట వైపు నుంచి వచ్చాడు. అమ్మానాన్నలు ఏటా మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశంలో కాలువ పని, డ్యాము పని చేయించే ప్రతి కాంట్రాక్టరుకూ తెలుసు. మా వాళ్ల తట్టా పారా తగలని పెద్ద ప్రాజెక్టు దక్షిణాన కష్టమే. ఆ పిల్లవాడు కాలువ గట్టు మీద, గుడిసెలో పెరిగాడు. కాంక్రీటు గురించి సారు చెప్పబోయేది వాడికి ముందే తెలుసు, పేరే తెలియదు. “ఇసుక ఎక్కువైంది సార్, మా నాయన అయితే తిడతడు” అనేవాడు. మా తాత అడిగి రమ్మన్నదానికి నేను తీసుకెళ్లిన జవాబు ఆ కుర్రాడే. గోడ కట్టడానికి పోయినవాళ్ల మనుమడు లోపల కూర్చున్నాడు. కూర్చోవడం ఏమిటి, నిలబడి రాజమహల్ కొలతలు తీస్తూ డ్రాయింగ్ షీటు మీదికి ఎక్కించాడు.

అందుకే నాకు ఆ మహల్ మీద ఉన్నది భక్తి కాదు, ఇష్టం. రాజులు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న వాదన వస్తే నేను లేచి పోతాను. వెట్టి చేయించినవాళ్లే చెరువులూ తవ్వించారు. కవులకు శాలువలు కప్పిన చేతులే శిస్తు కట్టని రైతును కొట్టించాయి. రెంటినీ కలిపి చెప్పే ఓపిక లేక మనం ఒకటి చెప్పి ఒకటి మింగేస్తాం. కానీ కట్టడం తర్వాత ఏమైందన్నది వేరే సంగతి. దాని గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కట్టడానికి వెట్టి పడ్డా, వాడకంలో అది కూలివాడి పిల్లకు మెతుకు పెట్టే చదువు ఇచ్చింది. హోటలు అయి ఉంటే గదికి ఇంతని కట్టినవాడే లోపలికి పోయేవాడు.

మన వైపు రాజుల కట్టడం కాలేజీ కావడం వనపర్తికే పరిమితం కాలేదు. గద్వాలలో నలసోమనాద్రి కట్టించిన మట్టికోట బురుజుల మధ్య, చెన్నకేశవుడి గుడి పక్కనే, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తిని విద్యాపర్తి అనడం ఊరికే వచ్చింది కాదు. పాలమూరు అంతా తిరిగి చూడండి, సర్వే చైనూ కెమిస్ట్రీ పుస్తకమూ పట్టుకుని కోట గుమ్మం దాటిన తరాలు ఎన్ని ఉన్నాయో. ఆ తరాల్లో ఓవర్సీర్లు అయినవాళ్లున్నారు, గల్ఫ్ వెళ్లి ఫిట్టర్లు అయినవాళ్లున్నారు, కరెంటాఫీసులో లైన్లు వేయించినవాళ్లున్నారు. వీళ్లలో ఎవరి పేరూ రాతి పలక మీద ఉండదు.

ఊళ్లోవాళ్లు ఇప్పటికీ మహల్లో సొరంగం ఉందంటారు. ఉందో లేదో, ఉంటే ఎటు పోతుందో తేల్చే కోరిక నాకు లేదు. రాజుగారు పారిపోవడానికి దారి కట్టుకున్నారని తెలిస్తే నాకు వచ్చేదేమిటి? ఆ దారి తవ్వినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి, పరుగెత్తుకుంటూ వస్తాను.

వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివినవాళ్లకూ పనిచేసినవాళ్లకూ, వాళ్ల పిల్లలకూ ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మహల్లో నౌకరీ చేసిన తాత ఉంటే ఏం పని చేశాడో, గుర్రాల సావిడి ఎక్కడుండేదో, గానుగ ఎక్కడ తిరిగేదో, సున్నం ఏ ఊరి బట్టీ నుంచి వచ్చేదో, సిద్దీల గురించి ఏమైనా విన్నారో అడగండి. ఫోనులో రికార్డు చేయండి, తేదీ వేసి, ఊరు పేరు రాసి జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. ఏసీ గార్డ్స్‌లో స్నేహితులున్నవాళ్లు అక్కడా ఈ పనే చేయండి. ఆలస్యం మాత్రం చేయకండి. 1959లో నెహ్రూను చూడడానికి మహల్ ముందు నిలబడ్డ పదిహేనేళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి.